అత్త చేతికి కట్టని పట్టీ

పోయిన నెల, గుండెకు స్కాను తీసే మా ఎకో గదిలోకి కొత్త యంత్రం వచ్చింది. పాతదాన్ని నలుగురు పట్టుకుని వరండాలోకి తోసుకుపోతుంటే, పన్నెండేళ్లు కలిసి కాపురం చేసిన దాన్ని చూసి కంటతడి పెట్టాలని నాకూ అనిపించింది గానీ, అది పోతూ పోతూ నా కాలి బొటనవేలు మీదుగా పోయింది కనుక ఆ కార్యక్రమం వాయిదా పడింది. కొత్త యంత్రాన్ని బిగించడానికి వచ్చిన ఇంజనీరు చాలా ఉత్సాహవంతుడు. గుండె మీద ప్రోబు ఆనించి ఒక మీట నొక్కితే చాలు, కవాటం దగ్గర లీకు ఎక్కడుందో అదే వెతికి, దాని చుట్టూ అదే గీత గీసి, అదే కొలిచి, స్వల్పమో మధ్యస్థమో తీవ్రమో అదే రాసేస్తుందనీ, ఇక మీకు పెద్దగా పనేమీ ఉండదనీ శుభవార్త చెప్పినట్టు చెప్పాడు. తెర మీద ఒక మూల రక్తపోటు రాయడానికి చిన్న గడి ఒకటి కనిపిస్తే దాని సంగతేమిటని అడిగాను. అది ఖాళీగా వదిలేసినా పర్వాలేదు, యంత్రం ఆగదన్నాడు.

ఆగదు. ఆ మాట నాకు తెలుసు.

నా వయసు ముప్పై ఏడు. జ్ఞాపకాలు రాసుకునే వయసు కాదనీ, ముందు కరెంటు బిల్లు కట్టిరమ్మనీ మా ఆవిడ అభిప్రాయం. కానీ వేడి తగిలితే నల్లబడే కాగితం మీద ఎకో బొమ్మలు ముద్రించి, అవి ఆర్నెల్లలో వెలిసిపోతాయని తెలిసి కూడా భద్రంగా దాచుకోమని రోగులకు అప్పజెప్పిన మన ఈడువాళ్లకు, కొన్ని సంగతులు వెలిసిపోకముందే రాసి పెట్టుకోవాలని ఎందుకు అనిపిస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

నేను డిప్లొమా చేసి రెండేళ్లు ఖాళీగా ఉన్న తర్వాత తిరుపతిలో ఒక చిన్న గుండె ఆసుపత్రిలో టెక్నీషియనుగా చేరాను. రోజంతా ఏం చేస్తాడు మీ వాడు అని ఊళ్లో అడిగితే, చీకటి గదిలో కూర్చుని టీవీ చూస్తాడని మా నాయన చెప్పేవాడు. అందులో అబద్ధం లేదు. గది చీకటిగానే ఉండేది, ఏసీ మాత్రం పెళ్లిచూపులకు వచ్చిన వాడిలా బిగుసుకు కూర్చుని ఏమీ చేసేది కాదు. మనిషిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, రొమ్ము మీద చల్లటి జిగురు పూసి, ప్రోబు ఆనించి, తెర మీద కొట్టుకునే గుండెను చూడటమే నా టీవీ.

ఆ టీవీలో నాకు ఎక్కువ ఇష్టమైనది డాప్లర్. పరుగెత్తే రక్తం మీదికి మన చెవికి అందని శబ్దాన్ని విసిరితే, ఎదురొచ్చే రక్తం దాన్ని ఒక స్వరంలో, దూరంగా పోయే రక్తం మరో స్వరంలో తిప్పి కొడుతుంది. యంత్రం ఆ తేడాను పట్టుకుని వచ్చేదాన్ని ఎర్రగా, పోయేదాన్ని నీలంగా చూపిస్తుంది. కవాటం సరిగ్గా మూసుకోకపోతే, ముందుకు పోవలసిన రక్తం వెనక్కి చిమ్మి, రంగులన్నీ కలిసిపోయి ముగ్గు మీద వాన పడ్డట్టు కనిపిస్తుంది. ఎంత వాన పడిందో చూసి లీకు ఎంతో రాయడం నా పని, కింద సంతకం పెట్టడం మా గురువుగారి పని. గురువుగారంటే ఆసుపత్రి పెద్ద డాక్టరు. నాకు ప్రోబు పట్టుకోవడం నేర్పింది ఆయనే.

ఆయనకు ఒక నియమం ఉండేది. ముందు చేతికి బీపీ పట్టీ, తర్వాతే గుండె మీద ప్రోబు. రక్తపోటు ఎక్కువుంటే లీకు పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది, కనుక బీపీ రాయకుండా లీకు రాయడమంటే బండి వేగం చెప్పి దారి ఎత్తో పల్లమో చెప్పకపోవడం లాంటిదని ఆయన వారానికొకసారి చెప్పేవారు. అందులోనూ మన వైపు జనానికి స్కాను అంటే పరగడుపు అన్న నమ్మకం ఒకటుంది. కడుపు స్కానుకు ఎవరో ఎప్పుడో చెప్పిన మాట గుండెకూ పాకిపోయింది. పులికాట్ ఒడ్డు పల్లెల నుంచి తొలి బస్సు పట్టుకుని, గుక్కెడు నీళ్లు కూడా ముట్టకుండా మధ్యాహ్నం దాకా మా వరండాలో ఎండు చేపల్లా కూర్చునేవాళ్లు. ఒంట్లో నీళ్లు లేని మనిషి గుండె నిజం చెప్పదురా, ముందు నీళ్లు తాగించు, బీపీ చూడు అనేవారు గురువుగారు.

నేనేమో రోజుకు ఇరవై మందిని చూసే మొనగాణ్ని. ఆ పట్టీ అంటుకునేది కాదు, ఊదే బుడ్డిలో గాలి నిలిచేది కాదు, రవిక చెయ్యి బిగుతుగా ఉంటే మరో ఐదు నిమిషాలు. అందుకని నాకు నేనే ఒక సులువు కనిపెట్టుకున్నాను. చూడటానికి బాగున్న వాళ్లందరికీ నూట ఇరవై బై ఎనభై అని రాసేసేవాణ్ని. ఆ ఏడాది తిరుపతి చుట్టుపక్కల ప్రజలంతా ఒకే రక్తపోటుతో ఆరోగ్యంగా వర్ధిల్లారు, నా కాగితాల మీద.

ఇక మా మేనత్త సంగతి. ఆమె మా నాయనకు అక్క. చంద్రగిరిలో కోటకు పోయే దారి పక్కన ఇడ్లీ అంగడి నడిపేది. మా ఊళ్లో కాలేజీ లేదు కనుక ఇంటర్ రెండేళ్లూ నేను ఆమె ఇంట్లోనే ఉండి, ఆమె ఇడ్లీలే తిని, ఆమె తిట్లే తిని ఇంతవాణ్నయ్యాను. మామ అప్పటికే పోయాడు, పిల్లలు లేరు. ఆమెకున్న ఆస్తి ఇడ్లీ కుండలూ, పెద్ద నోరూ, ఎప్పుడో పట్టుకున్న బీపీ. నాకు ఉద్యోగం దొరకని ఆ రెండేళ్లలో, దొరికితే శ్రీవారి మెట్టు దారిన మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టి కొండెక్కుతానని మొక్కుకుంది. ఎవరి కోసమో మొక్కుకునేటప్పుడు మనుషులు తమ మోకాళ్లను ఎందుకు తాకట్టు పెడతారో నాకు అర్థం కాదు గానీ, ఆమె పెట్టేసింది. నాకు ఉద్యోగం వచ్చింది. సెప్టెంబరు నడుమ మొదలయ్యే, వెంకన్నకు ఇష్టమైన పెరటాసి నెలలో ఎక్కాలని ఆమె మనసు.

మే నెల కత్తిరి ఎండల్లో ఒక రోజు ఆమెకు దగ్గు పట్టుకుంటే, చంద్రగిరిలోనే ఉండే డాక్టరు రొమ్ము మీద గొట్టం పెట్టి, కవాటం దగ్గర ఏదో శబ్దం వస్తోందని చెప్పి ఎకో తీయించుకోమన్నాడు. మా వాడే తీస్తాడని వీధంతా చెప్పుకుని, శనివారం నాడు, తలకు నూనె రాసుకుని, పట్టుచీర లాంటిది కట్టుకుని, మా ఆసుపత్రి వాళ్లందరికీ సరిపడా ఇడ్లీలు గిన్నెలో సర్దుకుని వచ్చింది. శనివారం ఆమెకు ఒక్కపొద్దు. ఇడ్లీలు మాకు, ఆమెకు మాత్రం నీళ్లు కూడా లేవు. ఎడమ పక్కకు తిరిగి పడుకోమని చెయ్యి పట్టుకున్నప్పుడు ఆ చెయ్యి చల్లగా ఉంది. ఆ చల్లదనం నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే చివరికి మా ఏసీ పనిచేస్తోందని ఆ రోజు సంతోషించాను.

గుండె బాగానే కొట్టుకుంటోంది. ఎడమ వైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే కవాటం దగ్గర, గోడను రాసుకుంటూ సన్నని రంగుల చార ఒకటి కనిపించి మాయమైంది. మరో కోణంలో చూడాల్సింది. బయట వరండాలో ఇంకా పదకొండు మంది ఉన్నారు. సన్నని చార కనుక స్వల్పం అని రాశాను, బీపీ గడిలో అందరికీ రాసేదే అత్తకూ రాశాను. ఆమె చీర సర్దుకుంటూ అడిగింది:

"ఏం రా, మెట్లెక్కేదానికి బాగుండాదా నా గుండికాయ?"

"నీకేం అత్తా, కొండ మీద నాకంటే ముందే ఉంటావు పో" అన్నాను.

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. నా జోకులకు నేను ముందు నవ్వడం అప్పట్లో అలవాటు. సాయంత్రం కాగితాలన్నీ గురువుగారి ముందు పెడితే, మా అత్తదని తెలిసి ఆయన రెండు క్షణాలు ఎక్కువే చూశారు. బీపీ చూశావా అని అడిగారు. చూశాను సార్ అన్నాను. సంతకం పెట్టారు.

తర్వాతి నెలల్లో చూడదలచుకున్నవాడికి చాలా కనిపించింది. చంద్రగిరికి పోయినప్పుడల్లా ఆమె మంచం మీద ఒక దిండు పెరిగేది. తల ఎత్తుగా పెట్టుకుంటే గానీ నిద్ర పట్టడం లేదని చెబితే, అత్తకు తలబిరుసు పెరిగింది కనుక దిండ్లూ పెరగాలి కదా అన్నాను. కోడి కూయకముందే తెరిచే అంగడి ఎండ వచ్చాక తెరుచుకోసాగింది. పిండి రుబ్బుతూ మధ్యలో పీట మీద కూర్చుని గోడకు ఆనుకునేది. వయసు అని ఆమె అంది, వయసే అని నేనన్నాను. రిపోర్టులో లేని జబ్బు మనిషిలో ఎందుకుంటుంది? ఆ రిపోర్టు రాసింది నేనే కదా.

పెరటాసి రెండో శనివారం తెల్లవారుతూనే శ్రీవారి మెట్టు మొదట్లో చేరాం. నేను పసుపు పొట్లం, ఆమె కుంకుమ పొట్లం. ఆ దారి కొండకు దగ్గరి దారే గానీ నిలువు దారి. ఆమె ప్రతి మెట్టుకూ వంగి బొట్టు పెట్టి లేచేది. మొదటి వంద మెట్లూ మా వంశంలో ఎవరెవరు ఏ పెళ్లిలో ఎలా అలిగారో చెప్పింది, నేను వెనకబడుతున్నానని బిన్నా నడవమని వెక్కిరించింది. తర్వాత కథలు పొట్టివయ్యాయి. తర్వాత ఒక్కో మెట్టుకు ఒక్కో మాట. ఆ తర్వాత మాటలు ఆగిపోయి గోవింద నామం మాత్రం మిగిలింది, కాసేపటికి అదీ పెదవుల మీదే ఆగిపోయింది. మా అత్త నోరు మూసుకోవడం నేను పుట్టి ఎరగను. ఎవరైనా ఆ నిశ్శబ్దానికే భయపడాలి. నేను మాత్రం భక్తి అనుకున్నాను.

సగం దారి కూడా కాలేదు. వంగిన మనిషి లేవలేదు. మెట్టు మీద కూర్చుండిపోయి, రెండు చేతులూ వెనక రాతికి ఆన్చి, నోరు తెరిచి గాలిని కొరుకుతున్నట్టు పీల్చడం మొదలుపెట్టింది. పెదవులు నేరేడు పండు రంగుకు తిరిగాయి. పడుకోబెడదామని భుజం పట్టుకుంటే నన్ను తోసేసింది. అప్పుడు దగ్గు వచ్చింది, దగ్గుతో పాటు లేత గులాబీ రంగు నురగ వచ్చి ఆమె గడ్డం మీదుగా కారింది. కుంకుమ అంటుకుందేమోనని ఒక్క క్షణం నాకు నేను చెప్పుకున్నాను. కాదు. ఊపిరితిత్తుల్లోకి నీరు దిగితే వచ్చే నురగ అది, పుస్తకంలో బొమ్మ వేసుకుని మరీ చదివాను.

"ఏందిరా ఇది," అంది, ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి తీసుకుంటూ, "నీళ్లల్లో మునిగినట్టుండాది."

ముందు పోతున్న యాత్రికులు నలుగురు, కర్ణాటక వాళ్లనుకుంటాను, వెనక్కి దిగివచ్చి, తమ దుప్పటి పరిచి ఆమెను కూర్చున్న భంగిమలోనే ఎత్తుకున్నారు. ఎక్కిన మెట్లన్నీ దిగాం. ఆమె అంత కష్టపడి పెట్టిన బొట్ల మీద మా అందరి కాళ్లూ పడుతూ వచ్చాయి. నా చేతిలో పసుపు పొట్లం అలాగే ఉంది, పారేయాలో దాచాలో తెలియలేదు. ఎదురొచ్చేవాళ్లు మేము మోసుకొస్తున్నదేమిటో తెలియక గోవిందా అని పలకరించారు.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి, ఇంజెక్షన్లు ఇచ్చి, ఆమె మాట్లాడగలిగే స్థితికి వచ్చాక, గురువుగారే స్వయంగా పట్టీ తీసి ఆమె చేతికి కట్టారు. నూట తొంభై దాటి ఉంది. అప్పుడు ప్రోబు తీసుకుని, నేను పెట్టిన చోటే పెట్టి, మణికట్టు కొంచెం తిప్పారు. కొంచెమే. గోడను రాసుకుంటూ పోయే ఆ సన్నని చార విప్పుకుని, పై గది గోడంతా చుట్టుకుని, రక్తనాళాల దాకా ఎగబాకి తిరిగి వచ్చింది. తెర మీద అంత రంగు నేనెప్పుడూ చూడలేదు. మిద్దె కారేటప్పుడు నట్టింట్లో టపటపా పడే చుక్కలకు అందరూ గిన్నె పెడతారు, గోడ లోపలే జారే నీటిని ఎవరూ చూడరు, పెచ్చు ఊడినప్పుడు గానీ తెలియదు అని ఆయన మెల్లగా చెప్పారు. కవాటాన్ని పట్టి ఉంచే దారాల్లో ఒకటి మునుపే తెగి ఉందట. ఇప్పుడు ఇంకొకటి తెగింది.

తర్వాత పాత రిపోర్టు తెప్పించుకున్నారు. లీకు గురించి రాసిన వాక్యం ఆయన చదవలేదు. ఆయన వేలు పైన బీపీ గడి దగ్గర ఆగింది.

"ఈ నూట ఇరవై బై ఎనభై ఎవరిదప్పా?"

నా దగ్గర ప్రతిదానికీ ఒక చమత్కారం ఉండేది. ఆ క్షణం వెతికితే ఒక్కటీ లేదు. ఎవరిదీ కాదు సార్ అన్నాను. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, రాసింది నువ్వు, సంతకం నాది అని మాత్రం అని, ఆపరేషన్‌కు ఏర్పాట్లు చూడ్డానికి వెళ్లిపోయారు.

ఆపరేషన్‌కు తీసుకుపోయే రోజు ఉదయం, ఆమె మంచం పక్కన స్టూలు మీద కూర్చుని చెప్పేశాను. చెప్పకుండా ఆమెను లోపలికి పంపితే, ఆమె తిరిగి రాకపోతే, ఆ తర్వాత చెప్పడానికి ఎవరూ ఉండరన్న స్వార్థం తప్ప అందులో ధైర్యమేమీ లేదు.

"ఆ పొద్దు నీ చేతికి పట్టీ కట్టకుండానే రాసేసినా అత్తా."

ఆమె దుప్పటి రొమ్ము దాకా లాక్కుంది.

"నేనూ ఆ పొద్దు రెండు మాత్రలు ఒకేపారి మింగొచ్చినా" అంది. "మీ డాక్టరు ముందర బీపీ ఎక్కువుంటే, ఇంట్లో మనిషినే సూసుకోలేదని నీకు మాటొస్తాదని. నువ్వు అడిగింటే సెప్పిందును గదరా."

పెద్దింటికి పోయేముందు మొహం కడుక్కున్నట్టు, డాక్టరు దగ్గరికి పోయేముందు రక్తపోటును కడిగి తెచ్చింది. పరగడుపు, కత్తిరి ఎండ, రెండు మాత్రలు. ఆ శనివారం ఆమె బీపీ తొంభై కూడా ఉండి ఉండదు. ఆ చల్లని చెయ్యి అదే చెప్పింది. పట్టీ కట్టి ఉంటే, అది పడిపోయి ఉందని తెలిసేది, ఎందుకని అడిగేవాణ్ని, నీళ్లు తాగించి మళ్లీ చూసేవాణ్ని. నా పరువు కోసం ఒక్కపొద్దులోనూ మాత్రలు మింగిన మనిషి, కొండెక్కే రోజు మాత్ర అసలు ముట్టలేదట, మొక్కు చెడుతుందని.

నా మొహం ఎలా ఉందో ఏమో, ఆమే చెయ్యి చాపి నా మోకాలు తట్టింది.

"పోనీలే, ఇద్దురం కలిసి ఆ మిషన్ని బాగా మోసం జేసినాం."

లోహపు కవాటం పెట్టారు. బతికింది. కొన్ని నెలలు ముందు తెచ్చుంటే గుండె కండ ఇంతగా సాగిపోయేది కాదని ఆపరేషన్ చేసిన డాక్టరు అన్నాడు, ఎవరినీ ఉద్దేశించి కాదు, గోడతో అన్నట్టు. ఆ తర్వాత ఆమె కాళ్ల వాపు పూర్తిగా తగ్గలేదు, పొయ్యి ముందు పది నిమిషాలు నిలబడలేకపోయింది, అంగడి మూసేసింది. మిగిలిన మెట్లు నేను ఎక్కివస్తానంటే, మొక్కు నాది, నీ కాళ్లతో ఎట్ల తీరతాదని ఒప్పుకోలేదు.

చూడ్డానికి వచ్చిన చుట్టాలందరూ దేవుడి దగ్గర ఏం తప్పు జరిగిందని ఆరా తీసేవాళ్లు. ఆమె ఏ మాత్రం తడుముకోకుండా, మాటల్లో పడి ఒక మెట్టుకు బొట్టు పెట్టకుండా దాటేశానని చెప్పేది. నా ముందే చెప్పేది. నేను ఆమె వెనక ఒక్కో మెట్టూ ఎక్కినవాణ్ని. ఆమె ఒక్కటీ వదల్లేదు. మూడేళ్లకు, ఒక మధ్యాహ్నం అన్నం తిని కూర్చున్న చోటే పోయింది. కర్మాంతరాల నాడు కూడా పందిట్లో ఆ మెట్టు గురించే మాట్లాడుకున్నారు. మహాతల్లి అంత మొక్కు మొక్కి ఒక్క మెట్టు దగ్గర పొరపాటు చేసింది అన్నారు. నేను వడ్డన చేస్తూ విన్నాను. సాంబారు కావాలా అని అడిగాను. ఇన్నేళ్లలో ఇక్కడే మొదటిసారి అంటున్నాను: మా అత్త ఏ మెట్టూ దాటలేదు.

గురువుగారు రిటైరయ్యారు. వరండాలో పరగడుపున కూర్చునే జనం కూడా తగ్గిపోయారు. ఇప్పుడు తిని రావచ్చో లేదో ఫోనులో చూసుకునే వస్తున్నారు, చేతి గడియారమే బీపీ చెబుతోందని నాకు చూపిస్తున్నారు. మంచిదే. కానీ ఒక డాక్టరు ముందు, ఒక మేనల్లుడి పరువు కోసం తమ రక్తాన్ని సర్దుకుని వచ్చే మనుషులు ఇప్పుడు ఎంతమంది ఉన్నారో తెలియదు. ఉన్నా, ఒక మనిషికి పది నిమిషాలు కేటాయించే ఈ రోజుల్లో వాళ్లను అడిగేదెవరో అంతకన్నా తెలియదు. ఈ పొద్దు మాత్ర వేసుకున్నారా, ఎన్ని వేసుకున్నారు, నీళ్లు తాగారా అని నేను అడుగుతుంటే చాలామందికి విసుగు. అన్నీ ఫైల్లోనే ఉన్నాయి కదా, చూసుకోండి అంటారు. ఫైళ్లు ఎలాంటివాళ్లు రాస్తారో నాకు తెలుసు కనుక, పట్టీ తీసి వాళ్ల చేతికి చుట్టి, గాలి పూర్తిగా దిగేదాకా నోరు మూసుకుని నిలబడతాను.